ఐసింగ్ అంటే కేకు మీదది కాదు

జనవరి 9, మంగళవారం

మా ఊరి ఐస్ హాకీ టీమ్ వెళ్ళిపోతోంది. పొద్దున ఎనిమిదింటి వార్తల్లో చెప్పారు. చెప్పింది టారసే. పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తూ, నా మొగుడి నోటి మాట ఊరందరితో పాటు నేనూ రేడియోలోనే విన్నాను. నిన్న సాయంత్రమే తెలుసట. నాకు చెబితే నోరు జారతానని చెప్పలేదట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా నోరు ఎప్పుడు జారిందో అడగాలి.

కొన్నవాళ్ళు అమెరికా వాళ్ళు. దక్షిణాన ఎడారి మధ్య ఏదో పెద్ద ఊరికి తీసుకుపోతారట. మంచు తుఫాను పేరు అక్కడ ఏం బాగుంటుందని బ్లిజర్డ్స్ అన్న పేరు తీసేస్తారట. చొక్కా మీద బల్లి బొమ్మ వేస్తారట. ఏప్రిల్లో ఈ సీజను అయిపోగానే సామాను సర్దుతారు.

బయట మైనస్ ముప్ఫై నాలుగు. రాత్రి టారస్ కారుకి ఇంజను వెచ్చగా ఉంచే కరెంటు తీగ తగిలించడం మరిచిపోయాడు, ఇంజను గడ్డకట్టి స్టార్ట్ కాలేదు. బస్సులో వెళ్ళాడు. బస్సంతా తనని గుర్తుపట్టారట, ఎవరూ మాట్లాడలేదట. చావు కబురు తెచ్చినవాణ్ణి చూసినట్టు చూశారని మధ్యాహ్నం ఫోనులో చెప్పాడు.

మా చర్చి లెక్కన క్రిస్మస్ మొన్న ఏడునే, ఆ వంటలు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి. తినే మూడ్ ఎవరికీ లేదు.

జనవరి 10

నాకేం బాధగా లేదు.

జనవరి 14, ఆదివారం

వదిన వచ్చింది. ఒరీసియా వదిన టారస్ కన్నా ఐదేళ్ళు పెద్ద, గొంతులో పదేళ్ళు పెద్ద. మొగుడు పోయాక కూడా అరీనాలో ఆయన కుర్చీకి ఏటా టికెట్ కొంటూనే ఉంది. అందులో తన కోటు పెట్టుకుంటుంది. ఇంకెవర్నీ కూర్చోనివ్వదు.

టీమ్‌ని ఆపడానికి కమిటీ వేశారట, వదినే అధ్యక్షురాలు. వచ్చే ఆదివారం సభ. టారస్ మాట్లాడాలి. మా ఊరి ఆటకి ముప్ఫై ఏళ్ళుగా గొంతు తనదే. "కెటిల్ పొయ్యి మీద పెట్టండి, ఆట మొదలవుతోంది" అని తను అనగానే ఈ ఊళ్ళో నిజంగానే కెటిళ్ళు పొయ్యెక్కుతాయి.

ప్రసంగం మా ఇద్దరికీ చదివి వినిపించాడు. బాగానే రాశాడు. "ఐసింగ్ అంటే కేకు మీద పూసే క్రీము అనుకునే జనానికి మన ఆటని అమ్మేస్తున్నారు" అన్న చోట వదిన బల్ల మీద ఒక్కటి చరిచింది. అదే మొదట్లో పెట్టరా తమ్ముడూ, అంది. పొట్ట పట్టుకుని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వి, టీ పెట్టడానికి లేచాను.

జనవరి 21, ఆదివారం

సభ బాగా జరిగింది. నిలబడడానికి చోటు లేదు. కేకు మాట దగ్గర హాలు ఊగిపోయింది. ఊళ్ళో అందరికీ హాకీ అంటే ప్రాణం. మంగళవారాలు మాత్రం అరీనాలో సగం కుర్చీలు ఖాళీ. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తను.

చివర్లో లాఫ్రెనియేర్ లేచాడు. పాత బ్లిజర్డ్స్ డిఫెన్సు ఆటగాడు, ఇప్పుడు మోకాళ్ళు పోయి కర్రతో నడుస్తాడు. టీములు తక్కువున్న రోజుల్లో తనకి ఎక్కడా చోటు దొరకలేదట, నాన్నతో పాటు గోధుమ పొలంలో పడి ఉన్నాడట. అమెరికాలో కొత్త ఊళ్ళు లీగులో చేరబట్టే పిలుపొచ్చిందట. మొదట ఆడింది మంచు ముఖం చూడని ఊళ్ళోనేనట. "మన ఊరికి టీమ్ వచ్చింది కూడా అలా టీములు పెంచుకుంటూ పోయిన రోజుల్లోనే. అప్పుడు తూర్పు నగరాల వాళ్ళు మనల్ని చూసి నవ్వారు, వీళ్ళకేం తెలుసని. మనకి వచ్చినప్పుడు ఆట పెరిగింది, మన దగ్గర్నుంచి పోతే ఆట చచ్చిందా?" అన్నాడు.

జనం ఈలలు వేసి కూర్చోబెట్టారు. వదిన అందరికంటే గట్టిగా అరిచింది. ఇంటికొచ్చాక టారస్, వాడు చెప్పింది అబద్ధం కాదు, అన్నాడు. నిజం కూడా కాదు, అన్నాడు మళ్ళీ.

ఫిబ్రవరి 2

సగం ధరకి వస్తోందని పసుపు గౌను కొన్నాను. చేతులు లేనిది, పల్చటిది. వదిన కూతురి పెళ్ళికి పనికొస్తుంది.

పెళ్ళి నవంబరులో.

ఫిబ్రవరి 8, గురువారం

ఆ ఎడారి ఊరి రేడియో నుంచి ఫోను. మేనేజరు పేరు అర్మెంటా. టారస్ లేడని చెబితే, పర్వాలేదమ్మా మీతో మాట్లాడతాను అని పావుగంట మాట్లాడాడు. మర్యాదస్తుడు. వెనకాల ఏదో పిట్ట అరుస్తోంది. కిటికీ తెరిచి ఉంది కాబోలు. ఫిబ్రవరిలో.

టీమ్‌తో పాటు ఆ గొంతు కూడా కావాలట. కాకపోతే అక్కడి వాళ్ళకి ఆట కొత్త. ఎవరికీ దెబ్బ తగలకుండానే ఆట ఎందుకు ఆపుతున్నారని అడుగుతారట. అసలేమీ తెలియని మనిషికి ఆటని విప్పి చెబుతున్నట్టు ఒక టేపు చేసి మార్చిలోగా పంపాలి. అది బాగుంటే ఉద్యోగం.

సాయంత్రం చెప్పాను. టారస్ మండిపడ్డాడు. బల్లులకి పాఠాలు చెప్పే ఖర్మ నాకింకా పట్టలేదు, అన్నాడు. అని, మంచు తీసేది ఏమీ లేకపోయినా పార పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు.

ఇక్కడ రేడియోలో హాకీ లేకపోతే టారస్‌కి మిగిలేది తెల్లవారుజామున గోధుమ ధరలు చదివే పని. అదీ ఇస్తే. తనకి అరవై ఒకటి. ఆట చెప్పడం తప్ప ఇంకో పని రాదు, నేర్చుకోడు కూడా. ఎండాకాలం ఆట లేని నెలల్లో ఇంట్లో ఎలా తిరుగుతాడో నాకు తెలుసు. బతుకంతా ఎండాకాలమే అయితే ఎలాగో నాకు తెలీదు.

ఫిబ్రవరి 9

నాకేం లేదు. తన ఇష్టం.

ఫిబ్రవరి 18, ఆదివారం

కింది గదిలో తలుపేసుకుని టేపు చేస్తున్నాడు. చేయనన్నవాడే. మెట్ల మీద నిలబడి విన్నాను.

"ఐసింగ్ అంటే, అంటే ఐసింగ్ అయినప్పుడు లైన్స్‌మన్ చెయ్యి ఎత్తుతాడు. ఎందుకంటే అది ఐసింగ్ కనుక."

టేపు ఆపి ఏదో విసిరేశాడు. పైకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఎవడికి చెబుతున్నానో తెలిస్తే కదా మరూసియా. ఐసింగ్ తెలియని మనిషిని నేను జన్మలో చూడలేదు" అన్నాడు.

నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 25

రెండో టేపు. అదీ చెత్తబుట్టలోకే.

మార్చి 3, ఆదివారం

చెప్పేశాను.

చర్చి నుంచి వచ్చి పిరోహీలకి, లోపల బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా మడిచేవాటికి, పిండి వత్తుతున్నాను. బల్ల నిండా పరిచాను. టారస్ టేపు రికార్డరు తెచ్చి పొయ్యి పక్కన పెట్టి, అర్మెంటాకి ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేస్తాను అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఊరుకునేదాన్ని.

"నాకు చెప్పు" అన్నాను.

"నీకు చెప్పేదేముంది? తెలిసిందేగా."

"తెలీదు."

నవ్వాడు. నన్ను ఉడికించకు, అన్నాడు. నేను అప్పడాల కర్ర పక్కన పెట్టి తన వైపు తిరిగాను. నవ్వు ఆగిపోయింది.

"ఐసింగ్ తెలీదా నీకు? ఇక్కడే పుట్టావు మరూసియా. నా పెళ్ళానివి నువ్వు."

"ఎనిమిదేళ్ళ వయసు దాటాక అలాంటిది ఈ ఊళ్ళో ఎవర్ని అడగను? మొదటిసారి నన్ను ఆటకి తీసుకెళ్ళినప్పుడు నువ్వే నా చెవిలో, చూశావా ఐసింగ్, అన్నావు. నేను తల ఊపాను. అప్పటినుంచీ ఊపుతూనే ఉన్నాను."

"మరి ఇన్నేళ్ళూ ప్రతి ఆటా రేడియో పక్కన కూర్చుని ఏం విన్నావు?"

"నిన్ను విన్నాను. నీ గొంతు పైకి లేస్తే మనం బాగా ఆడుతున్నట్టు. కిందికి దిగితే ఓడుతున్నట్టు. ఎప్పుడూ తప్పలేదు."

బాధపడ్డాడేమో అనుకున్నాను. పడ్డాడు కూడా. తర్వాత సొరుగులోంచి కత్తి తీసి, నేను అరగంట వత్తిన పిండి మీద అడ్డంగా ఒక గీత గీశాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఇది నడిమి గీత, అన్నాడు. చెరో చివరా ఇంకో గీత గీసి, ఇవి గోలు గీతలు, అన్నాడు. పక్ అనే రబ్బరు బిళ్ళకి బదులు ఒక మిరియపు గింజ పెట్టాడు. ఆగి, రికార్డరు నొక్కి, మళ్ళీ మొదటినుంచి, తనే ఆడుతున్నట్టు చెప్పాడు.

నేను నా సగంలో ఉన్నాను. అవతలివాళ్ళు మీదపడి ఊపిరాడనివ్వడం లేదు. పక్ నాకు దొరికింది. ఎవరికీ అందించకుండా, ఏ ఆలోచనా లేకుండా, గొడవ వదిలితే చాలని బలం కొద్దీ అవతలి చివరికి కొట్టేశాను. నడిమి గీత దాటింది, అవతలి గోలు గీత కూడా దాటింది, దారిలో ఎవరూ తాకలేదు. అదీ ఐసింగ్. విజిల్ వేస్తారు. పక్‌ని వెనక్కి తెచ్చి మళ్ళీ నా గుమ్మంలోనే ఆట మొదలుపెడతారు.

"కొడితే తప్పేముంది?" అన్నాను.

"అలసిపోయిన ప్రతివాడూ అదే చేస్తాడు. ఇక ఆటేముంటుంది?"

"అసలెప్పుడూ కొట్టకూడదా?"

"ఒక్కప్పుడు కొట్టొచ్చు. మనవాడెవడో తప్పు చేసి పక్కనున్న శిక్ష పెట్టెలో కూర్చున్నాడనుకో. మనం ఒక మనిషి తక్కువ. తక్కువున్న వాళ్ళు ఎంత దూరమైనా విసిరేసుకోవచ్చు. విజిల్ వెయ్యరు."

"అది న్యాయంగానే ఉంది" అన్నాను. అప్పుడు నవ్వాడు, రికార్డరు వైపు చూసి, నా వైపు చూసి.

ఇంత చిన్న సంగతా. దీనికోసమా నేను ముప్ఫై ఏళ్ళు తల ఊపింది.

గీతలు పడిన పిండి పిరోహీలకి పనికిరాలేదు. ముక్కలు కోసి సూపులో వేశాను. టారస్ రెండుసార్లు పోయించుకున్నాడు.

మార్చి 4

టేపు పంపాడు. నా ప్రశ్నలు చెరిపెయ్యమంటే చెరపలేదు.

మార్చి 5

నాకేం లేదు.

మార్చి 22, శుక్రవారం

అర్మెంటా సరే అన్నాడు. సెప్టెంబరుకల్లా రావాలట. టారస్ కూడా సరే అన్నాడు. అన్నాక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వదినకి చెప్పడానికి ఇద్దరం వెళ్ళాం. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మన ఆటనీ నా తమ్ముణ్ణీ ఒకే లారీ ఎక్కిస్తున్నారన్నమాట" అంది. టారస్ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నా వైపు తిరిగింది. "నువ్వు ఆపలేవూ?"

"తన ఇష్టం వదినా."

"అద్దంలో ముఖం చూసుకో మరూసియా. పెళ్ళికూతురి కళ వచ్చింది."

అప్పటినుంచి వదిన మాతో మాట్లాడడం మానేసింది.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఆఖరి ఆట. ఓడిపోయాం. నేను ఇంట్లోనే విన్నాను, రేడియో పక్కన.

రెండో పీరియడ్ మధ్యలో విజిల్ పడింది. టారస్ ఎప్పటిలా "ఐసింగ్" అన్నాడు. ఆగాడు. "అంటే ఏమిటో చెబుతాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంటావిడ కోసం" అని, పిండీ మిరియం లేకుండా, మొత్తం చెప్పాడు. ఊరంతా వినేలా. నా చెవులు కాలిపోయాయి. ఎదురింటి వాళ్ళకి కనబడకుండా వంటింట్లో లైటు ఆర్పేశాను.

ఆట అయిపోయాక జనం కుర్చీల్లోంచి లేవలేదట. తర్వాత అరీనా వెనక, మంచు చెక్కే బండి పారబోసిన కుప్ప దగ్గరికి వెళ్ళి, సీసాల్లో డబ్బాల్లో ఐసు నింపుకున్నారట. వదిన ఒక జాడీ పట్టుకెళ్ళిందట.

టారస్ గొంతు బొంగురుపోయింది. తేనె వేసి టీ ఇచ్చాను. నా పరువు తీశావు అన్నాను. తీశాను, అన్నాడు.

ఏప్రిల్ 18, గురువారం

వెళ్ళకూడదనుకున్నాను. గురువారాలు చర్చి కింది గదిలో ఆడవాళ్ళమంతా కూర్చుని పిరోహీలు చేస్తాం, అమ్మిన డబ్బు చర్చికి. ఒక్క వారం మానేసినా పేరు పెడతారు, అందుకని వెళ్ళాను.

నేను కూర్చోగానే బల్ల దగ్గర మాటలాగిపోయాయి. ఎదురుగా వదిన, తలెత్తకుండా అంచులు నొక్కుతోంది. హాకీ గొంతుకి పెళ్ళామైన దానికి ఐసింగ్ తెలీదట అని ఎవరు మొదలెడతారా అని చూస్తున్నాను.

మొదలెట్టింది పెద్దావిడ ఫెదొర్చుక్ అమ్మ. ఎనభై దాటాయి. "నేను ఇన్నాళ్ళూ విజిల్ పడినప్పుడల్లా ఎవరో బిడ్డకి దెబ్బ తగిలిందనుకునేదాన్ని. రేడియో ముందు కూర్చుని శిలువ గుర్తు వేసుకునేదాన్ని" అంది. "ఉత్తి పుణ్యానికి ఎన్ని వేశానో తల్లీ."

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ చెయ్యి తుడుచుకుని, అయితే తక్కువున్నప్పుడు విజిల్ ఎందుకు వెయ్యరో ఇంకోసారి చెప్పు మరూసియా, అంది. ఇంకో ఇద్దరు కుర్చీలు జరుపుకున్నారు. పిండి మీద నేనే గీత గీశాను.

నేను చెప్పడం అయ్యాక వదిన అంది, నాతో కాదు, చేతిలోని పిండితో: "అదన్నమాట."

"ఏది వదినా?"

"ఏదీ లేదు. పిండి గట్టిగా కలిపారు ఇవాళ."

కేకు మాటకి బల్ల చరిచి నవ్విన మా వదిన. ఆట తప్పిందంటే దేవుడికి సంజాయిషీ ఇచ్చుకునే మా వదిన. చనిపోయిన మొగుడి కుర్చీలో కోటు కూర్చోబెట్టే మా వదిన. నేను తల దించుకుని అంచులు నొక్కుతూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ మింగేశాను.

ఏప్రిల్ 19

నాకు వెళ్ళాలని ఉంది. జనవరి నుంచీ ఉంది. రాసేశాను.

ఆగస్టు 27

రేపు బయలుదేరుతున్నాం. వదిన రాలేదు. ఎదురింటి అబ్బాయి చేత ఒక పెట్టె పంపింది. తెరిస్తే పిరోహీలు, గడ్డకట్టించినవి, నలభై మందికి సరిపోయేన్ని. చీటీ లేదు. నాలుగు రోజుల కారు ప్రయాణంలో ఇవన్నీ ఏం చేయాలో దేవుడికే తెలియాలి.

ఫెదొర్చుక్ అమ్మకి సగం ఇచ్చాను. తక్కినవి ఐసు పెట్టెలో పెట్టాను.

అక్టోబరు 5, శనివారం

మొదటి ఆట. బయట ముప్ఫై ఆరు, మైనస్ కాదు. పసుపు గౌను వేసుకున్నాను. అరీనాలో చలి ఉంటుందని తెలియక కాదు. ఆ గౌనుకి వేరే పండగ ఏముంది ఇక్కడ. మొదటి పీరియడ్ అయ్యేసరికి పళ్ళు టకటకలాడాయి.

సగం కుర్చీలు ఖాళీ, మా మంగళవారాల్లాగే. ఉన్నవాళ్ళు పొట్టి నిక్కర్లతో వచ్చి వణుకుతున్నారు. పిల్లలు అద్దాల గోడకి ముక్కులు ఆనించి పక్ వచ్చి తగిలినప్పుడల్లా వెనక్కి పడుతున్నారు. బల్లి చొక్కాలు నేననుకున్నంత అసహ్యంగా ఏమీ లేవు. చిన్న రేడియో చెవికి పెట్టుకున్నాను. "గ్లాసులో ఐసు వేసుకోండి, ఆట మొదలవుతోంది" అన్నాడు టారస్. కెటిల్ ఇక్కడ కుదరదని అర్మెంటా చెప్పాడట. అనే ముందు చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు నాకొక్కదానికే అర్థమవుతుంది.

పక్క సీట్లో భార్యతో ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరట. విజిల్ పడగానే సగం లేచి నిలబడ్డాడు. "ఎవరికైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు. ఐసింగ్."

"కేకు మీదదా?"

నేను చాలాసేపు నవ్వాను, పాపం ఆయన చిన్నబుచ్చుకున్నాడు. క్షమాపణ చెప్పి, ఒళ్ళో ఆట వివరాల కాగితం పరిచి, పాప్‌కార్న్ గింజ పెట్టి చెప్పాను. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి విన్నారు. కాసేపటికి మా జట్టులో ఒకణ్ణి పెట్టెలో కూర్చోబెట్టారు, మిగతావాళ్ళు పక్‌ని ఆ చివరికి విసిరేశారు, విజిల్ పడలేదు. మరి ఇప్పుడో, అన్నాడు ఆయన. ఒక మనిషి తక్కువున్నారు కదండీ, తక్కువున్నప్పుడు తప్పు లేదు, అన్నాను. మంచి పద్ధతే, అన్నాడు.

వణుకుతున్నానని తన భార్య శాలువా తీసి నాకు కప్పాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు.

ఆటకి ఇది మంచిదో కాదో లాఫ్రెనియేర్‌ని అడగాలి. వదినని మాత్రం అడగకూడదు. నన్నడిగితే, నాకు బాగుంది.

అక్టోబరు 6, ఆదివారం

పొద్దున ఫోను మోగింది. వదిన. మార్చి తర్వాత తనుగా పలకరించడం మొదటిసారి.

హలో లేదు, ఎలా ఉన్నారు లేదు. ఎండకి మీ బుర్రలు కరిగాయా అని మొదలుపెట్టింది. ఆటని ఎడారిలో పాతరేశారంది. తమ్ముణ్ణి కొంగున కట్టుకుని ఎత్తుకుపోయావంది. ఊళ్ళో శనివారం సాయంత్రం ఏం చేయాలో ఎవరికీ తెలియడం లేదంది. రేడియోలో గోధుమ ధరలు వస్తున్నాయంది. కరెంటు పోయి ఫ్రీజర్లో జాడీ ఐసు కరిగిందట, మళ్ళీ గడ్డకట్టిందట, అది అదే ఐసా కాదా అని అడిగింది, జవాబు చెప్పనివ్వకుండా దానికీ నన్నే తిట్టింది. టారస్ నా ఎదురుగా చెయ్యి చాచి నిలబడ్డాడు, ఫోను ఇటివ్వు, నేను ఆపుతాను అన్నట్టు.

నేను తల అడ్డంగా ఊపాను. విసరనీ. వదిన వైపు మనుషులు తక్కువ.